నీళ్ల ఇంజన్‌కి అజీర్తి చేసింది

మాది రేపల్లె అవతల, కృష్ణా పశ్చిమ డెల్టాలో శివారు ఊరు. శివారు అంటే ఏంటో ఇటువైపు వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలవకి నీళ్లు వదిలారని పేపర్లో చదివాక ఆ నీళ్లు మా బోదెలో కనపడేసరికి పైవాళ్ల నారుమళ్లు పచ్చగా లేచి నిలబడి ఉంటాయి. అందుకని మా ఊళ్లో చాలా ఇళ్లలో ఏదో ఒక ఇంజన్ ఉంటుంది, మురుగు కాలవలోంచో గుంటలోంచో నీళ్లు తోడుకోవడానికి. పెద్ద రైతులకి డీజిలుతో నడిచే ఆయిల్ ఇంజన్లు, మాలాంటి మూడెకరాల వాళ్లకి ఒక్క మనిషి మోసుకెళ్లగలిగే చిన్న పెట్రోల్ ఇంజన్. మాది 2019లో కొన్నాం, 163 సీసీ, నాలుగు స్ట్రోకులది, రెండంగుళాల పంపు. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను, పొద్దునా సాయంత్రం పొలం చూస్తాను. మెకానిక్‌ని కాదు. ఇది ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే కింద రాసేదాంట్లో సగం నేను చేసిన తప్పులే.

ఇంజన్ మొండికేసింది పోయిన ఖరీఫ్‌లో. ఆ ముందు ఏడాది వానలు టైముకి పడ్డాయి, ఇంజన్ అవసరం రాలేదు. అంతకుముందు మినుముకి ఒక తడి పెట్టాక దాన్ని కడిగి, గోతంపట్టా కప్పి గొడ్లసావిడి మూలన పెట్టేశాం. కడిగాం అని ఎందుకు గుర్తుందంటే, అంత శ్రద్ధగా పైన కడిగినవాళ్లం ట్యాంకులో మిగిలిన పెట్రోలు సంగతి, ట్యాంకు కింద పెట్రోలు కుళాయి, అదే పెట్రోల్ కాక్, దాని సంగతి పట్టించుకోలేదు. ఏడాదిన్నర అలాగే ఉంది. కోళ్లు దానిమీద ఎక్కి పడుకునేవి.

పోయిన ఖరీఫ్‌కి బీపీటీ రకం వరి నారు పోశాం, 15 సెంట్లలో. మొలక వచ్చాక వాన మొహం చాటేసింది. నారుమడి నెర్రెలు ఇవ్వడం మొదలుపెట్టింది, మొక్కల కొనలు సూదుల్లా చుట్టుకుంటున్నాయి. శనివారం మధ్యాహ్నం బడి నుంచి వచ్చి ఇంజన్ బయటికి లాగాను. కోడి రెట్టలు గీకి, ట్యాంకు మూత తీసి చూస్తే లోపల పెట్రోలు లేదు, అడుగున ఎర్రటి మరక మాత్రం ఉంది, టీ గ్లాసు కడక్కుండా వదిలేస్తే అడుగున మిగిలినట్టు. వాసన కూడా పెట్రోలు వాసన కాదు, పాత రంగు డబ్బా మూత తీసినట్టుంది. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. బంకు నుంచి తెచ్చిన 2 లీటర్లు పోసేసి, కాక్ తెరిచి, చోక్ వేసి, తాడు లాగాను.

పది సార్లు. ఇరవై సార్లు. దగ్గు కూడా లేదు.

అప్పుడు నాకొచ్చిన ఆలోచన, బహుశా అందరికీ వచ్చేదే, ఇన్నాళ్లు ఎండిపోయి ఉంది కదా, పెట్రోలు లోపలికి అందట్లేదేమో అని. చోక్ ఇంకా గట్టిగా నొక్కి పట్టుకుని లాగుతూనే ఉన్నాను. చోక్ చేసే పని ఏంటంటే గాలి దారిని మూసేసి పెట్రోలు పాళ్లు పెంచడం. అంటే అజీర్తి చేసి పడుకున్నవాడిని లేపి, నీరసంగా ఉన్నావు ఇంకో ముద్ద తిను అని నోట్లో కుక్కినట్టు. ఇంజన్ పక్కన కూర్చుని చొక్కా భుజంతో చెమట తుడుచుకుంటుంటే కాలి వేళ్లకి చల్లగా తగిలింది, చూస్తే గాలి ఫిల్టరు పెట్టె అడుగు నుంచి చుక్కలు చుక్కలుగా పెట్రోలు కారుతోంది. సిమెంటు గచ్చు మీద అరచేయంత తడి అయింది. నేను తాడు లాగడం మీద ఉండి చూసుకోలేదు గానీ వాసన అప్పటికే సావిడంతా నిండింది.

సరిగ్గా అప్పుడు మా బాబాయ్ వచ్చాడు, నోట్లో చుట్టతో. ఆయన నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటాడు గానీ అయినా నిప్పు నిప్పే కదా. "బాబాయ్ అక్కడే ఆగు" అని నేను అరిచిన అరుపుకి ఆయన బెదిరిపోయి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. చుట్ట బయట పారేసి వచ్చి, ఒక్కసారి ముక్కు ఎగబీల్చి, "ఓవర్ అయిందిరా, ఆపు" అన్నాడు. మా వైపు మెకానిక్కులు, పాత ఇంజన్లు వాడినవాళ్లు ఈ జబ్బుని ఓవర్ అవడం అనే అంటారు, ఓవర్‌ఫ్లోకి పొట్టి పేరు.

కాక్ కట్టేశాం. ప్లగ్గు విప్పితే మొన తడిసి ముద్దయింది, నల్లగా, పట్టుకుంటే వేలికి పెట్రోలు అంటుకుంది. ప్లగ్గు పక్కన పెట్టి చోక్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, తాడు ఒక డజను సార్లు లాగితే ప్లగ్గు కన్నంలోంచి పెట్రోలు తుంపర ఆవిరిలా చిమ్మింది. ఇది చేసేటప్పుడు స్విచ్ ఆఫ్‌లో ఉండాలి, ప్లగ్గు వైరు దూరంగా ఉండాలి, లేకపోతే ఆ తుంపరకి స్పార్క్ అంటుకుంటుంది. ప్లగ్గుని గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టి, బ్రష్‌తో రుద్ది, గ్యాప్ చూశాను. 0.7 మిల్లీమీటర్లు ఉండాలి, ఫీలర్ గేజి మన దగ్గర ఎక్కడుంటుంది, యాక్సా బ్లేడు ముక్క పెట్టి చూశాను, దాని మందం ఇంచుమించు అంతే. అరగంట ఆగి, చోక్ లేకుండా లాగితే నాలుగో లాగుడికి అందుకుంది. నల్లటి పొగ కక్కుతూ, గుడగుడమంటూ పది సెకన్లు నడిచి ఆగిపోయింది. మళ్లీ ప్లగ్గు తడి. మళ్లీ తుడవడం, మళ్లీ పది సెకన్లు. చీకటి పడేదాకా ఇదే.

ఆ రాత్రి రెండో పెద్ద తప్పు చేశాను. ఆఖరిసారి ప్రయత్నించి విసుగొచ్చి, చేతులు కడుక్కుని అన్నానికి వెళ్లిపోయాను, కాక్ కట్టకుండా.

ఆదివారం పొద్దున్నే వెళ్లి తాడు లాగితే అసలు కదల్లేదు. బలం పెట్టి లాగితే చెయ్యి గుంజేసింది, గోడకి కట్టిన తాడు లాగినట్టు. ఇంజన్ పట్టేసిందనుకుని గుండె జారిపోయింది. నాన్న వచ్చి చూసి "నూనె చూశావా" అన్నాడు. ఆయిల్ మూత తిప్పీ తిప్పకముందే నూనె పొర్లి నేల మీద పడింది. ఈ ఇంజన్‌కి పట్టేది 600 మిల్లీలీటర్లు, మూత కన్నం అంచు దాకా ఉండాలంతే. అది పొర్లుతోంది, పైగా పల్చగా, మజ్జిగ తేటలా, పెట్రోలు వాసన.

జరిగింది ఇది. ట్యాంకు పైన ఉంటుంది, పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి అందించే కార్బొరేటర్ కింద. కాక్ తెరిచి ఉంటే పెట్రోలు తనంతట తానే కిందికి దిగుతుంది, ఆపేది కార్బొరేటర్లో కన్నాన్ని మూసే నీడిల్ అనే చిన్న ముక్క మాత్రమే. అది ఆపకపోతే కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే కప్పు నిండి, గొట్టంలోంచి ఇంజన్ లోపలికి పోతుంది. ఇన్లెట్ వాల్వ్ తెరుచుకుని ఉన్న చోట ఇంజన్ ఆగి ఉంటే సిలిండర్లోకి, అక్కడి నుంచి పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందున్న నూనెలోకి. సిలిండర్ నిండా పెట్రోలు ఉంటే పిస్టన్ పైకి రాదు, ద్రవాన్ని గాలిలా నొక్కలేం. ఇంజన్ పట్టేయడం కాదది, కడుపు నిండిపోవడం. ఇలాంటప్పుడు కండలు చూపించి తాడు లాగితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గు విప్పి మెల్లగా లాగితే గ్లాసుడు పెట్రోలు బయటికి దూకి తాడు మామూలుగా తిరిగింది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

నారుమడి మాత్రం ఆగదు కదా. ఆదివారం మధ్యాహ్నానికి పక్క చేను పెదనాన్నని బతిమాలి వాళ్ల ఆయిల్ ఇంజన్ తెచ్చుకుని, డీజిలు మేమే పోసుకుని, నారు మీద పల్చగా ఒక తడి ఇచ్చాం. అది ఎడ్లబండి ఎత్తు బరువు, నలుగురం మోశాం, దింపేటప్పుడు ఆయన "మీ అబ్బాయి ఇంజన్ రిపేరు చేస్తున్నాడంట కదా" అని నాన్నతో అన్న మాటలో ఉన్న వెటకారం ఇప్పటికీ గుర్తే. నారు బతికింది, పరువే కొంచెం పోయింది.

ఆ సాయంత్రం బైకు మీద ఇంజన్ వేసుకుని ఒక మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన విప్పలేదు, ఊపి చూసి, వాసన చూసి, "కార్బొరేటర్ మొత్తం మార్చేయాలి, ఇంజన్ పని కూడా ఉంటుంది, వదిలేసి వెళ్లండి, నాలుగు రోజులు" అన్నాడు. నాలుగు రోజులు నారు ఆగదు. ఇంజన్ పని అన్నమాట మీద కూడా నాకు నమ్మకం కుదర్లేదు, తాడు లాగితే కంప్రెషన్ బాగానే తగులుతోంది. తిరిగి తీసుకొచ్చేశాను. ఎలాగూ మార్చాలన్నదే కదా, విప్పి పాడుచేస్తే పోయేదేముంది అనుకున్నాను, ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాను.

విప్పడం కష్టం కాదు గానీ కంగారు పడితే తిరిగి బిగించడం కష్టం. ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నాను, ముఖ్యంగా ఇంజన్ వేగాన్ని అదుపుచేసే గవర్నర్ కడ్డీ, దాని పక్కనుండే సన్నటి స్ప్రింగు ఏ కన్నంలో ఉన్నాయో. ఫిల్టరు మూత తీస్తే లోపలి స్పాంజి పెట్రోల్లో నానిపోయి ఉంది, పిండితే కారింది. పది నంబరు పానాతో రెండు నట్లు విప్పి, కార్బొరేటర్‌ని కొంచెం వంచి, కడ్డీ తప్పించి బయటికి తీశాను. మధ్యలో కాగితపు ప్యాకింగులు ఉంటాయి, అవి చిరక్కుండా చూసుకోవాలి. పెట్రోలు పైపు తీసేటప్పుడు కాక్ కట్టే ఉన్నా పైపులో ఉన్నది కారుతుంది, కింద పళ్లెం పెట్టుకోండి. నేను అమ్మ పాత దోసెల రేకు పెట్టాను, తర్వాత దానికి తిట్లు కూడా తిన్నాను.

కప్పు అడుగున ఇంకో పది నంబరు బోల్టు. అది విప్పి కప్పు లాగితే రాలేదు, అతుక్కుపోయింది. తిరుపుళి పిడితో చుట్టూ తడితే ఊడింది.

లోపల చూసినదాన్ని ఎలా చెప్పాలి, తుమ్మచెట్టు బెరడు మీద బంక కారి గట్టిపడితే ఎలా ఉంటుందో కప్పు గోడలకి అలా ఉంది. పచ్చగానూ కాదు గోధుమరంగూ కాదు, గోరుతో గీకితే పెచ్చులుగా లేస్తోంది. అడుగున తెల్లటి పిండి, సున్నం చల్లినట్టు, అది నీళ్లు నిలిచి లోహం తుప్పుపట్టిన గుర్తు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటుంది, ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. రోజూ తిరిగే బండికి అది పెద్ద సమస్య కాదు, పోసింది పోసినట్టు అయిపోతుంది. ఏడాదికి నాలుగు రోజులు వాడి మూలన పడేసే ఇంజన్లకే ఇబ్బంది. పెట్రోల్లో తేలికగా ఉండేవి ముందు ఆవిరైపోతాయి, బరువైనది బంకలా మిగులుతుంది, నీళ్లు అడుక్కి దిగుతాయి. మా కప్పులో ఆ రెండూ పక్కపక్కనే కనపడ్డాయి.

ఫ్లోట్ అంటే నల్లటి ప్లాస్టిక్ బుడగ, దాని చెవిలోంచి సన్నటి పిన్ను. మేడ మీద నీళ్ల ట్యాంకులో బంతి తేలి కుళాయి మూసేస్తుందే, అదే పని ఇది పెట్రోలుకి చేస్తుంది. పెట్రోలు పెరిగితే బుడగ లేస్తుంది, బుడగ మీద వేలాడే నీడిల్ పైకెళ్లి కన్నం మూసేస్తుంది. పిన్ను కూడా బంకకి పట్టేసి ఉంది, ప్లయర్‌తో లాగితే వంగుతుందని భయమేసి, రెండు చుక్కల పెట్రోలు వేసి పావుగంట నానబెట్టి, సన్న మేకుతో తోస్తే వచ్చింది. బుడగని చెవి దగ్గర పెట్టి ఊపాను, లోపల చిలుకుడు లేదు, అంటే పగల్లేదు. నీడిల్ బియ్యపుగింజకి రెండింతలు ఉంటుందేమో, మొనకి నల్ల రబ్బరు. అది తీసేటప్పుడు దాన్ని పట్టుకునే బుల్లి స్ప్రింగు క్లిప్పు ఎగిరి గడ్డిలో పడింది. పాత స్పీకరు అయస్కాంతంతో గడ్డంతా దువ్వి, ఇరవై నిమిషాలకి పట్టుకున్నాను. దీన్ని విప్పేవాళ్లు కింద తెల్లగుడ్డ పరుచుకోండి. నాకు ఎవరూ చెప్పలేదు.

కప్పు, పెట్రోలుని సన్న కన్నంలోంచి కొలతగా వదిలే జెట్టు, అన్నీ పెట్రోల్లో నానబెట్టి పళ్ల బ్రష్‌తో రుద్దాను. మెయిన్ జెట్టు ఇత్తడిది, నడుమ కన్నం వెలుతురుకి పెట్టి చూస్తే సగం మూసుకుపోయి అర్ధచంద్రుడిలా కనపడింది. ఇనుప తీగ పెట్టి పొడవకూడదు, కన్నం పెద్దదైతే ఇక పనికిరాదు. నాన్న తన హార్లిక్స్ సీసా తెచ్చాడు. ముప్ఫై ఏళ్లుగా ఇంట్లో ఊడిన ప్రతి నట్టు, ప్రతి వాషరూ, ప్రతి వైరు ముక్కా అందులో ఉంటుంది, అమ్మకి ఆ సీసా అంటే కంపరం. అందులోంచి రాగి వైరు ముక్క తీసి, ఒక్క పోగు విడదీసి ఇచ్చాడు. రాగి మెత్తన, ఇత్తడిని గీకదు. పోగుతో తోసి, సెంటర్లో పంక్చర్ షాపుకి తీసుకెళ్లి కన్నాలన్నింటిలో గాలి కొట్టించాను. కళ్లు మూసుకోవాలి అప్పుడు, ఒక కన్నంలో కొడితే ఇంకో కన్నంలోంచి కళ్లలోకి చిమ్ముతుంది.

ఇంత చేసి, గర్వంగా బిగించి, కాక్ తెరిస్తే మళ్లీ కారింది. అదే చుక్క. అదే చోట.

సోమవారం బళ్లో ఏడో తరగతికి భిన్నాలు చెబుతూ కూడా నా బుర్రలో నీడిలే. కప్పు శుభ్రం చేశాను, జెట్టు చేశాను, కారడానికీ వాటికీ సంబంధం లేదు. జెట్టు మూసుకుంటే పెట్రోలు తక్కువవుతుంది గానీ పొర్లదు. పొర్లుతోందంటే మూయాల్సింది మూయట్లేదు. మూసేవి రెండే, నీడిల్ మొన, అది వెళ్లి కూర్చునే సీటు. నేను ఆ రెండింటినీ పైపైన తుడిచి పెట్టేశాను, చిన్నవి కాబట్టి. మురికి ఎక్కువగా కనపడ్డ చోట ఎక్కువ కష్టపడ్డాను, జబ్బున్న చోట కాదు.

సాయంత్రం మళ్లీ విప్పాను, ఈసారి చేతికి పావుగంటే పట్టింది. ఒక పరీక్ష చేసి చూశాను, దీనికి పెట్రోలు కూడా అక్కర్లేదు. కప్పు తీసేసి, ఫ్లోటూ నీడిలూ ఉంచి, కార్బొరేటర్‌ని తిరగేసి పట్టుకుంటే బుడగ బరువుకి నీడిల్ కన్నం మీద కూర్చుంటుంది. అప్పుడు పెట్రోలు వచ్చే గొట్టానికి శుభ్రమైన పైపు ముక్క తగిలించి నోటితో ఊదాలి. గాలి పోకూడదు. మామూలుగా తిప్పితే నీడిల్ కిందికి జారి గాలి పోవాలి. మాదానికి తిరగేసినా గాలి పోతోంది, సన్నగా, టైరు వాల్వ్ లీకైనట్టు సుయ్‌మంటూ. పైపు ముక్క ముందే కడిగినా నోరంతా పెట్రోలు రుచి అయింది, సైకిల్ పంపు ఉన్నవాళ్లు మెల్లగా దాంతో కొట్టుకోవడం మేలు.

నీడిల్ మొనని వెలుగులో పెట్టి ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూస్తే రబ్బరు చుట్టూ వలయంగా గాడి పడి ఉంది. ఏడాదిన్నర ఒకే చోట అతుక్కుపోయి కూర్చుంది కదా. సీటు లోపలేమో టార్చి వేస్తే ఇత్తడి మెరవాల్సిన చోట బెల్లంపాకం రంగు పొర. ఆ సీటు ఊడదు, బాడీలోకి దిగేసి ఉంటుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్ల తెచ్చి, మొన కొంచెం సన్నం చేసి, ఇత్తడి సామాను తోమే పాలిష్ ఒక చుక్క అద్ది, రెండు వేళ్ల మధ్య కవ్వం తిప్పినట్టు అటూ ఇటూ తిప్పాను. పుల్ల నల్లగా వచ్చింది. రెండోది గోధుమరంగు. ఆరో పుల్లకి తెల్లగా వచ్చింది, లోపల బంగారు ఉంగరంలా మెరిసింది. పెట్రోలుతో కడిగి, గాలి కొట్టి, పరీక్ష చేస్తే సుయ్‌మనడం చాలా తగ్గింది, కానీ పూర్తిగా ఆగలేదు. మిగిలింది నీడిల్.

మంగళవారం బడి అయ్యాక తెనాలి వెళ్లాను. మొదటి షాపులో కార్బొరేటర్ మొత్తం తప్ప విడిగా ఏదీ అమ్మం అన్నారు. రెండో షాపాయన పాత నీడిల్ చూసి, ఇంజన్ సీసీ అడిగి, లోపలికెళ్లి ఒక చిన్న ప్లాస్టిక్ కవరు తెచ్చాడు, నీడిల్, క్లిప్పు, పిన్ను, కప్పు ఓరింగు, రెండు ప్యాకింగులు, అన్నీ కలిపి 140 రూపాయలు. పాతది పట్టుకెళ్లకపోతే దొరికేది కాదు, పొడవులో ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా అక్కడ పని చేయదు. లీటరు ఇంజన్ ఆయిల్ కూడా తీసుకున్నాను.

కొత్త నీడిల్ పెట్టి తిరగేసి ఊదితే గోడకి ఊదినట్టు ఆగిపోయింది. ఆ చిన్న ఆగడం ఎంత హాయిగా ఉందో. మామూలుగా తిప్పి ఊదాను, పోయింది. తిరగేశాను, ఆగింది. చిన్నపిల్లాడిలా ఐదారుసార్లు చేశాను.

నూనె మొత్తం దించేశాం. పెట్రోలు కలిసిన నూనెతో ఇంజన్ నడపకూడదు, పల్చబడిన నూనె బేరింగుల మధ్య నిలబడదు, అంతదాకా ఓపిక పట్టి అక్కడ తొందరపడితే ఇంజన్ నిజంగానే పోతుంది. 600 ఉండాల్సిన చోట దాదాపు లీటరు వచ్చింది. కొత్తది 600 పోసి, ప్లగ్గు బిగించి, స్పాంజి సబ్బునీళ్లతో కడిగి ఎండబెట్టింది పెట్టి, కాక్ తెరిచి, ఈసారి వెంటనే లాగకుండా పది నిమిషాలు కప్పు కింద కాగితం పరిచి కూర్చున్నాను. కాగితం పొడిగానే ఉంది.

చోక్ వేసి రెండు లాగుళ్లు, తీసి ఒకటి. అందుకుంది. సైలెన్సర్‌లో మిగిలిన నూనె కాలి రెండు నిమిషాలు తెల్లపొగ వచ్చింది, తర్వాత తేటబడింది. కానీ సంతోషం పూర్తిగా పడనివ్వకుండా ఇంజన్ ఒకటే పెరగడం, తగ్గడం, పెరగడం, తగ్గడం, ఊయల ఊగినట్టు. చోక్ సగం వేస్తే నిలకడగా నడుస్తోంది. ఇది భలే తమాషా అనిపించింది. శనివారం చోక్ వేసి చంపాను, ఇవాళ చోక్ వేస్తే గానీ నిలబడట్లేదు. అంటే ఇప్పుడు పెట్రోలు తక్కువ అందుతోంది, ఇంకెక్కడో సన్నటి దారి మూసుకునే ఉంది. ఐడిలింగ్ స్క్రూ విప్పి దానికింద నల్లటి ప్లాస్టిక్ ముక్క లాగితే వచ్చింది పైలట్ జెట్టు, ఇంజన్ మెల్లగా నడిచేటప్పుడు పెట్రోలు అందించేది. మెయిన్ జెట్టు కన్నం దీని ముందు బావి. వెంట్రుకంత. దీన్ని నేను ఆదివారం అసలు విప్పనే లేదు, ఉందని తెలియదు. రాగి పోగు కూడా లావైంది, ఆ పోగుని బ్లేడుతో గీకి సన్నం చేసి దూర్చాను, నాన్న టార్చి పట్టాడు. వెలుతురు చుక్క కనపడింది. పెట్టి బిగిస్తే ఊయల ఆగింది.

బుధవారం తెల్లవారుజామున ఇంజన్ మురుగు కాలవ గట్టుకి తీసుకెళ్లాం. నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వ్ కట్టిన పైపు నీళ్లలో దించి, పంపు నిండా బిందెతో నీళ్లు పోసి, మూత బిగించి, తాడు లాగితే మొదటి లాగుడికే అందుకుంది. డెలివరీ పైపు పాములా కదిలి, ముందు గాలి, తర్వాత బురద, తర్వాత నీళ్లు. పెట్టె మీద నిమిషానికి 600 లీటర్లని రాసి ఉంటుంది గానీ అది కంపెనీ లెక్క, పైపు పొడవు, గట్టు ఎత్తు పోతే అందులో సగమే అనుకోవచ్చు. 15 సెంట్లంటే సుమారు 600 చదరపు మీటర్లు, రెండంగుళాల నీళ్లు నిలవాలంటే 30 వేల లీటర్లు. నేను గంటా నలభై నిమిషాలని లెక్కేశాను. రెండు గంటల పావు పట్టింది, నెర్రెలు తాగేసిన నీళ్లు నా లెక్కలో లేవు. మధ్యలో బాబాయ్ వచ్చాడు, చుట్ట లేకుండా. కార్బొరేటర్ కింద వేలు పెట్టి చూసి, వేలు వాసన చూసి, ఏమీ అనకుండా గట్టు మీద కూర్చున్నాడు.

ఇప్పుడు పని అవగానే కాక్ కట్టేసి, ఇంజన్ తనంతట తను ఆగిపోయేదాకా నడపనిస్తున్నాం, కప్పులో ఉన్నది అదే తాగేస్తుంది. సీజన్ అయ్యాక ట్యాంకు వంచి పెట్రోలు బైకులో పోసేసి, కప్పు పక్కనుండే డ్రెయిన్ బోల్టు విప్పి ఆఖరి చెంచాడు కూడా దించేస్తాం. గోతంపట్టా మామూలే, కోళ్లూ మామూలే.

దించిన ఆ నూనె నాన్న పారబోయనివ్వలేదు. రెండ్రోజులు మూత తీసి ఆరుబయట ఉంచి, చెద పట్టకుండా సావిడి గుంజలకి పూశాడు. పాత నీడిల్ చెత్తబుట్టలో వేస్తుంటే కూడా ఆపి, తుడిచి, హార్లిక్స్ సీసాలో వేశాడు. గాడి పడ్డ నీడిల్ ఎందుకు నాన్నా అంటే, "ఉండనీరా, ఈసారి తెనాలి వెళ్తే సైజు చూపించడానికి" అన్నాడు.